అమ్రాబాదు అడవియు అంతర్జాతీయ ప్రతిజ్ఞలును

స్టాక్‌హోము, రియో, పారిసు, మాంట్రియలు - ప్రపంచమందలి రాజ్యములు భూమిని, అడవిని, గాలిని కాపాడుకొనుటకై చేసికొన్న ఒడంబడికలు ఈ మహానగరముల పేళ్లతో వ్యవహరింపబడుచున్నవి. ఆ పత్రములు ఆమోదింపబడినప్పుడు కరతాళధ్వనులు మ్రోగినవి. పత్రికలు పతాకశీర్షికలు వేసినవి. ఆ మాటలకు వెల చెల్లించు తావులు వేరు. అట్టి తావులలో నొకటి మన తెలంగాణములోని అమ్రాబాదు. పెద్దపులిని కాపాడుదమని ప్రపంచము తీర్మానించినప్పుడును, బొగ్గుపొగ తగ్గించుటకు అణువిద్యుత్తును పెంచుదమని తలంచినప్పుడును, అధికారుల చూపు ఈ పీఠభూమిపైనే పడినది. రెండు మాటులును, అడ్డు తొలగవలసినవారుగా కనబడినది చెంచులే. ఈ విషయమును గూర్చి మా అభిప్రాయమును దాపరికము లేక చెప్పదలచితిమి.

హైదరాబాదు నుండి రోడ్డుమార్గమున శ్రీశైలము పోవు యాత్రికులలో అమ్రాబాదు అడవిని చూడనివారుండరు. చూచితిమని యెరిగినవారు మాత్రము తక్కువ. హాజీపూరు దాటి, ఘాటు ఎక్కి, మన్ననూరు చేరిన పిదప బండి కిటికీలోనుండి కనబడు వనమంతయు అదియే. దక్షిణమున కృష్ణవేణి లోతైన లోయలో ప్రవహించుచున్నది. ఈ కొండలమీద కురిసిన వానయే వాగులై శ్రీశైలము, నాగార్జునసాగరము జలాశయములలోనికి దిగుచున్నది. కావున ఇచటి చెట్టునకును, సాగరు కాలువక్రింది వరిమడికిని, రాజధానిలోని కుళాయికిని సంబంధము లేకపోలేదు. 1983లో కృష్ణ కిరుదరుల అడవిని శ్రీశైలము–నాగార్జునసాగరము పులుల వనముగ ఏర్పరచిరి. 2014లో రాష్ట్రము విభజింపబడగా, నదికి ఉత్తరపు భాగమును 2015లో అమ్రాబాదు పులుల వనమని ప్రత్యేకించిరి. దీని విస్తీర్ణము 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 చదరపు కిలోమీటర్లకు పైగా గర్భారణ్యము. పూర్వపు మహబూబునగరము, నల్లగొండ జిల్లాలలో చేరియుండిన ఈ సీమలో అధికభాగము 2016 నుండి నాగరుకర్నూలు జిల్లాలోనిది.

ఈ అడవిలో అప్పాపూరు, భౌరాపూరు, మేడిమల్కల మొదలగు పెంటలు కలవు. పెంట యనగా చెంచుల నివాసము. నాలుగైదు గుడిసెలున్నను పెంటయే. తేనె, జిగురు, గడ్డలు, కుంకుడుకాయ, ఇప్పపువ్వు వారి జీవనాధారములు. చైత్రపూర్ణిమకు సలేశ్వరము జాతర జరుగునప్పుడు మైదానము నుండి వేలకొలది భక్తులు లోయలోనికి దిగుదురు. అచటి లింగమునకు పూజారులు చెంచులే. శ్రీశైల మల్లన్నను వారు తమ యింటి అల్లుడని చెప్పుకొందురు. మన పురాణములలోను, వీధినాటకములలోను చెంచులక్ష్మికి పెద్దపీట వేసితిమి. చెంచులక్ష్మి వంశమువారికి పట్టా కాగితము వ్రాసియిచ్చుటకు మాత్రము చేయి రాదు. ఈ మాట ప్రసంగవశమున వచ్చినది, మన్నింపవలెను.

ముందుగా పులి సంగతి చెప్పుకొందము. 2010 నవంబరులో రష్యాలోని సెంటుపీటర్సుబర్గు నగరమున పులులుగల పదమూడు దేశములవారు సమావేశమై, అప్పటికి ప్రపంచమున 3,200గా అంచనా వేయబడిన అడవిపులుల సంఖ్యను 2022 నాటికి రెట్టింపు చేయుదమని ప్రతిజ్ఞ చేసిరి. ఆ ప్రతిజ్ఞను మనస్ఫూర్తిగ పాటించిన దేశములలో మన దేశము మొదటి వరుసలోనిది. 2022 గణనము ననుసరించి భారతదేశమున సుమారు 3,682 పులులున్నట్లు అంచనా కట్టిరి. ప్రపంచమందలి అడవిపులులలో నూటికి డెబ్బదికి తక్కువ గాకుండ మనయొద్దనే యున్నవని ప్రభుత్వమువారు సగర్వముగ చెప్పుచున్నారు. 1973లో మొదలిడిన పులుల సంరక్షణ పథకమునకు ఏబదియేండ్లు నిండిన సందర్భమున, 2023 ఏప్రిలు 9వ తేదీని మైసూరులో, పులి, సింహము, చిరుత మొదలగు ఏడు పెద్దపిల్లి జాతులను కాపాడుటకై అంతర్జాతీయ కూటమిని కూడ ప్రారంభించిరి. ఇది మెచ్చదగిన పని. పులిచర్మమునకును, ఎముకలకును గిరాకీ పొరుగుదేశములలో నుండగా, ఒక్క దేశము తన అడవిచుట్టు కంచె వేసికొన్నంత మాత్రమున పులి దక్కదు. కొనువాని చేతిని కొనుచోటనే పట్టుకొనవలెను. 1973లో వాషింగ్టనులో కుదిరి 1975 నుండి అమలులోనికి వచ్చిన వన్యప్రాణి వ్యాపార నియంత్రణపు ఒడంబడికయు ఈ ఎరుకతోనే పుట్టినది. దేశములు చేయి కలుపనిదే సాగని కార్యములలో ఇది యొకటి యని మేము నిస్సంశయముగ నమ్ముచున్నాము.

కాని నల్లమలలో ఆ చేయి యెవరిది? రాత్రివేళ ఉచ్చులు వెదకుటకును, నీటిచెలమల యొద్ద అడుగుజాడలు పోల్చుటకును, వేసవిలో కార్చిచ్చు నార్పుటకును అటవీశాఖవారు నియమించుకొను కావలివారిలో చెంచులు అనేకులు. పులి నడచిన బాటను, నిద్రించిన పొదను వారికంటె బాగుగ నెరిగినవారు లేరని ఆ శాఖవారే యొప్పుకొందురు. అట్టివారిని గూర్చియే 2024 జూనులో జాతీయ పులుల సంరక్షణ సంస్థవారు రాష్ట్రములకు ఒక లేఖ వ్రాసిరి. దేశమందలి పులుల వనముల గర్భభాగములలో 591 గ్రామములు, 64,801 కుటుంబములు ఇంకను ఉన్నవనియు, వారిని తరలించు పని మందకొడిగ నున్నదనియు, దానిని త్వరపెట్టవలయుననియు అందలి సారాంశము. కుటుంబమునకు పదునైదు లక్షల రూపాయల పరిహారము నిర్ణయింపబడియున్నది. అమ్రాబాదు గర్భారణ్యములోని కొన్ని గూడెములను తరలించు ప్రయత్నములును సాగినవి.

స్వచ్ఛందముగ పోవువారిని ఆపుమని మేము చెప్పము. పిల్లల చదువునకో, వైద్యమునకో మైదానమునకు దిగదలచిన కుటుంబమునకు ఆ పదునైదు లక్షలును, భూమియు, ఇల్లును సక్రమముగ ముట్టవలసినదే. కాని స్వచ్ఛందము అను మాటకు అర్థముండవలెను. 2006లో సవరింపబడిన వన్యప్రాణి సంరక్షణచట్టము ఈ విషయమున స్పష్టముగనే యున్నది: ముందు అటవీహక్కులను గుర్తించి ముగింపవలెను, మనుష్యుల ఉనికి వలన పులికి సరిదిద్దరాని హాని కలుగుచున్నదనియు, సహజీవనమునకు వేరు మార్గము లేదనియు నిర్ధారింపవలెను, గ్రామసభ సమ్మతియు, సంబంధించిన వ్యక్తుల సమ్మతియు పొందవలెను. ఇవన్నియు జరిగిన పిదప గాని తరలింపు లేదు. హక్కు చేతికీయక, దారి వేయక, వైద్యుని పంపక, బడిని మూతవేసి, ఆ పిమ్మట "పోవుదురా?" యని యడిగి, "పోవుదుము" అను సమాధానమును వ్రాసికొనుట సమ్మతి యనిపించుకొనదు.

ఇక రెండవ ప్రతిజ్ఞ. 2015లో కుదిరిన పారిసు ఒప్పందమున మన దేశము చేరినది. 2021లో గ్లాస్గో మహాసభయందు, 2070 నాటికి బొగ్గుపులుసు వాయువుల నికర విసర్జనమును శూన్యము చేయుదుమనియు, 2030 నాటికి 500 గిగావాట్ల విద్యుచ్ఛక్తిని శిలాజేతరమైన ఇంధనముల నుండి సాధింతుమనియు ప్రకటించినది. ఎండ, గాలి చాలవనియు, రాత్రింబవళ్లు నిలిచియుండు విద్యుత్తునకు అణుశక్తి కావలెననియు ప్రభుత్వము వాదము. 2047 నాటికి 100 గిగావాట్ల అణువిద్యుత్తు తమ లక్ష్యమని 2025 బడ్జెటులో ప్రకటించిరి. అణువిద్యుత్తునకు యురేనియము కావలెను. యురేనియము నల్లమల రాళ్లలో కలదని నిపుణులు చెప్పుదురు.

దాని ఫలితమెట్లుండెనో పాఠకులు మరచియుండరు. అణుఖనిజ అన్వేషణ శాఖవారు అమ్రాబాదు పులుల వనమున 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణ జరుప నుద్దేశించిరి. 2016లో రాష్ట్ర వన్యప్రాణి మండలి సిఫారసు చేసినది. 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహాసంఘము సూత్రప్రాయముగ అంగీకరించినది. అంతట అమ్రాబాదు, పదర మండలముల ప్రజలు లేచిరి. చెంచులును, రైతులును, విద్యార్థులును, న్యాయవాదులును ఒక్క గొంతుకతో వలదనిరి. తెలుగునాట నటులు, రచయితలు, రాజకీయపక్షములు వారికి బాసటగ నిలిచిరి. 2019 సెప్టెంబరు 16వ తేదీని తెలంగాణ శాసనసభ, నల్లమలలో యురేనియము త్రవ్వకములు వలదని ఏకగ్రీవముగ తీర్మానించినది. అధికారపక్షము, ప్రతిపక్షము ఒకే మాటమీద నిలుచుట మన శాసనసభలలో తరచుగ కనబడు దృశ్యము కాదు.

అన్వేషణయే కదా, గని కాదు కదా యని యప్పుడు కొందరు సమాధానము చెప్పిరి. ఇల్లు చూడవచ్చినవాడు కొనక పోవచ్చును, నిజమే. కాని కొననుద్దేశము లేనివాడు గోడలు కొట్టి చూడడు. అన్వేషణకు యంత్రములు పోవలెను, యంత్రములకు దారి కావలెను, దారికి చెట్టు పడవలెను, బోరులు దింపవలెను, ఆ బోరులు భూగర్భజలపు పొరలను ఛేదించుకొని పోవలెను. పులి వనములో ఎండుకట్టె యేరుకొన్న చెంచుస్త్రీని అడ్డగించు నిబంధన, బోరుయంత్రమునకు దారి విడుచుట మాకు విడ్డూరముగ తోచుచున్నది.

యురేనియపు గని ఎట్లుండునో తెలిసికొనుటకు విదేశములకు పోనక్కరలేదు. కడప జిల్లాలోని తుమ్మలపల్లె మన కన్నులయెదుటనే యున్నది. అచటి ముడిరాతిలో యురేనియము వేయింట ఒక పాలైనను ఉండదు; మిగిలిన రాయంతయు పొడియై, రసాయనములతో కలిసి, బురదయై వ్యర్థముల చెరువునకు చేరుచున్నది. చుట్టుపట్ల రైతులు తమ బోరుబావుల నీరు చెడినదనియు, అరటితోటలు దెబ్బతిన్నవనియు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనుచు వచ్చిరి. గని యాజమాన్యమువారు ఆ యారోపణలను నిరాకరించుచు వచ్చిరి. ఎవరి మాట యెంతవరకు నిజమో తేల్చు భారము శాస్త్రజ్ఞులది. కాని మెట్టపొలమున కలిగిన వివాదమే ఇట్లుండగా, రెండు మహాజలాశయములకు తలాపుననున్న అడవిలో అట్టి ప్రయోగమునకు పూనుకొనుట సాహసమగునా, దుస్సాహసమగునా? నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగరము సమీపముననున్న లంబాపూరు, పెద్దగట్టు ప్రాంతముల విషయమున ఇరువదియేండ్లకు పూర్వమే ఈ ప్రశ్న పుట్టినది. సమాధానము నేటికిని రాలేదు.

ఇంతలో 2025 సెప్టెంబరు నెలలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖవారు అణుఖనిజముల గనులకును, మరి కొన్ని కీలకఖనిజముల గనులకును ప్రజాభిప్రాయ సేకరణము నుండి మినహాయింపు నిచ్చిరి. దేశరక్షణయు, ఖనిజముల యవసరమును కారణములుగ చూపిరి. దేశరక్షణ మాకును ప్రియమైనదే. కాని తన పెరటిలో గని త్రవ్వుదురా యని యడుగు హక్కు చెంచునకు లేకుండ చేసినచో దేశమునకు కలుగు రక్షణ యేదో మాకు బోధపడుట లేదు. 2019లో అమ్రాబాదు ప్రజల గొంతు వినబడినది గనుకనే శాసనసభ తీర్మానించినది. ఆ గొంతు అధికారముగ వినబడవలసిన వేదికయే లేకపోయినచో రేపు ఏమగును?

ఇచట మేము మన దేశము అంతర్జాతీయ సభలలో చేసిన వాదమును జ్ఞప్తికి తేవలసియున్నది. 1972 జూనులో స్టాక్‌హోమున మానవ పర్యావరణమును గూర్చి మొట్టమొదటి ప్రపంచసభ జరిగినప్పుడు, ఆతిథేయుడైన స్వీడను ప్రధాని గాక అచట ప్రసంగించిన ప్రభుత్వాధినేత మన ప్రధాని ఇందిరాగాంధి యొక్కరే. ధనికదేశములు తాము లోకమును కొల్లగొట్టి సంపన్నములై, ఇప్పుడు పేదదేశములకు నీతులు చెప్పుట తగదని ఆమె వాదించిరి. పేదరికమును తొలగింపక ప్రకృతిని కాపాడలేమనిరి. 1992లో రియో మహాసభ ఆ వాదమును అంగీకరించి, బాధ్యత అందరిదియే యైనను అందరికిని సమానము గాదని, చెరచినవాడు ఎక్కువ మోయవలెనని సూత్రీకరించినది. మన ప్రతినిధులు నాటినుండి నేటివరకు ఈ సూత్రమును వదలలేదు. 2009లో ధనికదేశములు ఏటేట పదివేల కోట్ల డాలర్లు సమకూర్తుమని మాట యిచ్చి, 2020 నాటి గడువును దాటవేసినప్పుడు మనవారు నిలదీసిరి. 2024 నవంబరులో బాకు సభయందు 2035 నాటికి సాలీనా ముప్పదివేల కోట్ల డాలర్లని తేల్చి, మన అభ్యంతరమును వినకయే సుత్తి కొట్టి తీర్మానమైనదనినప్పుడు, మన ప్రతినిధి లేచి అది అన్యాయమని నిర్మొగమాటముగ చెప్పిరి. జాతీయాభిమానము గల ప్రతివాడును ఆ మాటకు సంతోషించెను. మేమును సంతోషించితిమి.

ఆ వాదమునే ఒక చెంచు మన్ననూరులో లేచి మనతో అనినచో మన సమాధానమేమి? "అయ్యలారా, ఆకాశమున పొగ నింపినవారము మేము గాము. పులిని తుపాకితో కొట్టి గోడకు తగిలించుకొన్నవారమును మేము గాము. నవాబులును, దొరలును, వారి అతిథులును కొట్టిరి. మా పెంటలో దీపము వెలుగకముందే మీ నగరములలో రాత్రులు పగళ్లయినవి. ఇప్పుడు మీ పాపమునకు ప్రాయశ్చిత్తము మా గుడిసెతో చేయుదురా?" అని యడిగినచో, బాకులో మనమన్న మాటకును దీనికిని భేదమేమి? ధనికదేశముల యెదుట ఢిల్లీ యేమి కోరుచున్నదో, ఢిల్లీ యెదుట, హైదరాబాదు యెదుట అప్పాపూరు అదియే కోరుచున్నది. బయట న్యాయము కోరువాడు ఇంట న్యాయము చేసి చూపినప్పుడే వాని మాటకు బరువు.

చెంచులు పెద్దతేనె తీయునప్పుడు పాటించు ఆచారమొకటి వినియుంటిమి. కొండకొమ్మునుండి తాడు జారవిడిచి ఒకడు లోయలోనికి దిగును. పైన తాడు పట్టుకొనువాడు బావమరిదియై యుండవలెనట. అన్నదమ్ములనైనను నమ్మరు గాని బావమరిదిని నమ్ముదురు. ఏలన, తాడు విడిచినచో తోబుట్టువు పసుపుకుంకుమలు పోవునని వానికి భయము. దిగువాని క్షేమములో పట్టినవానికి సొంత నష్టము ఉండవలెనను ఈ యెరుక, అంతర్జాతీయ ఒడంబడికలు వ్రాయు పండితులకు ఇంకను పట్టుబడినట్లు లేదు. పులి యెక్కువైనచో కీర్తి దేశమునకు. విద్యుత్తు పుట్టినచో వెలుగు నగరమునకు. దిగువాడు మాత్రము చెంచు. తాడు పట్టినవారిలో ఒక్కనికైనను అచట తోబుట్టువు లేదు.

అట్లని ఒడంబడికలలో చెంచుల పేరు లేకపోలేదు. రియోలో పుట్టిన జీవవైవిధ్యపు ఒడంబడికయొక్క ఎనిమిదవ అధికరణము, స్థానికజాతుల జ్ఞానమును, ఆచారములను గౌరవించి నిలుపవలెననియు, దాని వలని లాభమును వారితో పంచుకొనవలెననియు చెప్పుచున్నది. ఆ ఒడంబడికలో చేరిన దేశముల పదునొకండవ మహాసభ ఎచట జరిగెనో పాఠకులకు జ్ఞాపకముండవచ్చును: మన హైదరాబాదుననే, 2012 అక్టోబరులో. అప్పటి ప్రధాని మన్మోహనుసింగుగారు ఆ సభలో "హైదరాబాదు ప్రతిజ్ఞ" యను పేర అయిదుకోట్ల డాలర్లను ప్రకటించిరి. జీవవైవిధ్యమునకై పేదదేశములకు చేరు నిధులను 2015 నాటికి రెట్టింపు చేయుదమని దేశములన్నియు ఒప్పుకొనినవి. సభాస్థలి నుండి బస్సులో మూడు నాలుగు గంటలు పోయినచో మన్ననూరు వచ్చును. 2022 డిసెంబరులో మాంట్రియలులో 2030 నాటికి భూమియందును, సముద్రమునందును నూటికి ముప్పది వంతులను కాపాడవలెనని తీర్మానించినప్పుడు కూడ, స్థానికజాతుల హక్కులను గుర్తించి, గౌరవించుచునే ఆ పని చేయవలెనని అందులోనే వ్రాసికొనిరి. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదిమజాతుల హక్కుల ప్రకటనమును చేసినప్పుడు మన దేశము అనుకూలముగ ఓటు వేసినది. కొరత మాటలకు గాదు. మాంట్రియలులోని ముప్పది వంతుల లెక్క ఫారెస్టు కచేరీకి త్వరగ చేరుచున్నది. దాని ప్రక్కనున్న హక్కుల వాక్యము మాత్రము దారిలో ఎచటనో జారిపోవుచున్నది.

మా వాదమునకు ఎదురుపడు ప్రశ్న యొకటి కలదు. దానిని తప్పించుకొని పోము. యురేనియము వలదనినచో స్వావలంబన మాటేమి, పరదేశముల దయమీద ఆధారపడుదుమా యని యడుగువారు దేశభక్తులే. వారికి మా మనవి యిది. 2008 సెప్టెంబరులో అణుసరఫరాదారుల కూటమి మన దేశమునకు మినహాయింపు నిచ్చిన పిదప, కజకస్థాను, రష్యా, కెనడాల నుండి మనకు యురేనియము వచ్చినది. కెనడా సరుకు 2015లో మొదటిసారి మన యొడ్డు చేరినది. అంతర్జాతీయ పర్యవేక్షణకు లోబడిన రియాక్టర్లకు ఆ సరుకును వాడుకొనుచున్నాము. పర్యవేక్షణకు వెలుపలనున్నవానికి మాత్రము స్వదేశపు ఖనిజమే కావలెను. ఈ భేదమును మేము కాదనము. కాని స్వదేశమున గనులు లేక పోలేదు. జార్ఖండమున జాదుగూడ 1967 నుండి త్రవ్వబడుచున్నది. తుమ్మలపల్లెలో పెద్దనిక్షేపము బయల్పడినది. దేశమంతటను నిక్షేపములు వెదకి, చిట్టచివర గాని పులి వనము గర్భమును ముట్టమని చెప్పుటలో దేశద్రోహమేమియు లేదు. పరదేశముతో ఒడంబడిక చేసికొని ఇంధనము తెచ్చుకొనుటయు సహకారమే గదా. సరుకు కొనుటకు అక్కరకు వచ్చిన అంతర్జాతీయ సహకారము, అడవిని విడిచిపెట్టుటకు అక్కరకు రాకపోవుట ఏల?

మరియొక యాక్షేపణ. చెంచులను అడవిలోనే యుంచుట యనగా వారిని ప్రదర్శనశాలలోని బొమ్మలను చేయుట గాదా యని కొందరు విద్యావంతులు పలుకుచున్నారు. చెంచులు గడ్డలు త్రవ్వుకొనుచు, రోగమునకు పసరు పోసికొనుచు ఎల్లకాలము నుండవలెనని మేము ఎన్నడును అనలేదు. 1940లో ఆస్ట్రియా దేశీయుడైన క్రిస్టాఫు ఫాను ఫ్యూరరు-హైమెన్‌డార్ఫు అను పండితుడు నిజాము రాజ్యమునకు వచ్చి, ఈ పీఠభూమిమీదనే చెంచుల మధ్య నివసించి, 1943లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించెను. అడవి చట్టములు వారి సొంత యింటిలో వారిని దొంగలను చేయుచున్నవని ఆయన గుర్తించెను. ఆయన సూచన మేరకు నిజాము ప్రభుత్వము చెంచుల కొరకు అడవిలో కొంత మేర ప్రత్యేకించినది. రాచరికపు దినములలో, యుద్ధకాలమున, ఒక పరదేశి చెప్పినంత మాత్రమున జరిగిన యీ పని, ప్రజాస్వామ్యమున చెంచులు తామే నోరువిడిచి యడిగినను జరుగకపోయినచో అది మనకు తలవంపు. పెంటకు వైద్యుడు పోవలెను, బడిపంతులు నిలువవలెను, సూర్యశక్తితో దీపము వెలుగవలెను, తేనెకును, జిగురునకును దళారి లేని ధర రావలెను. ఇవి అడవిని చెరుపక చేయదగినవే. సుస్థిరాభివృద్ధి యని ఐక్యరాజ్యసమితివారు ఏ మాటను 1987లో ప్రచారము చేసిరో, దానికి ఇంతకంటె సుళువైన భాష్యము మాకు కనబడుట లేదు.

చట్టములలో ఆయుధములు సిద్ధముగనే యున్నవి. 2006 నాటి అటవీహక్కుల చట్టము చెంచుల వంటి ఆదిమజాతులకు ఆవాసహక్కు నిచ్చుచున్నది. గుడిసెకును, పాతికసెంట్లకును పరిమితమైన పట్టా యిది గాదు. వారు తిరుగు, కొలుచు, బ్రతుకు ప్రదేశమంతటిమీద సమిష్టిహక్కు. మధ్యప్రదేశములోని దిండోరి జిల్లాలో బైగాలకు 2015లో అట్టి హక్కును గుర్తించిరి. పొరుగున ఒడిస్సాలో నియమగిరి కొండమీద బాక్సైటు గని విషయమున, 2013 ఏప్రిలు 18వ తేదీని సుప్రీముకోర్టు నిర్ణయాధికారమును గ్రామసభలకు విడిచిపెట్టగా, పండ్రెండు గ్రామసభలును వలదనెను, గని ఆగెను. మన్ననూరు సీమలోని చెంచుగ్రామములు రాజ్యాంగముయొక్క ఐదవ షెడ్యూలునకు లోబడినవే. నియమగిరి డోంగ్రియాలకు తగిన గౌరవము అమ్రాబాదు చెంచులకు ఎక్కువగునా?

కావున తెలంగాణ ప్రభుత్వమువారు ఆలస్యము చేయక పూనుకొనవలసిన పనులు కలవు. పీఠభూమిమీది చెంచుల ఆవాసహక్కును పెంటపెంటకును తిరిగి గుర్తించి పత్రము చేతికీయవలెను. అది ముగియువరకు గర్భారణ్యమునుండి ఒక్క కుటుంబమును గూడ కదల్పరాదు. 2019 నాటి శాసనసభ తీర్మానము తీర్మానముగ మాత్రమే మిగిలియున్నచో ఢిల్లీలో దానికి కాగితపు విలువయే. గ్రామసభల నిర్ణయములను జతపరచి, పులుల వనములో అణుఖనిజములకై అన్వేషణయు, త్రవ్వకమును వలదని కేంద్రమువారిచేత వ్రాతమూలకముగ ఒప్పించుకొనవలెను. కేంద్రప్రభుత్వమువారు 2025 నాటి మినహాయింపును ఐదవ షెడ్యూలు ప్రాంతములకును, పులుల వనములకును వర్తింపకుండ సవరింపవలెను.

ఇంకొక చిన్న కోరిక కూడ కలదు. దీనికి ఖర్చు తక్కువ. మాంట్రియలు తీర్మానములోని హక్కుల వాక్యమును, పెద్దపిల్లుల కూటమి నియమములను, వన్యప్రాణిచట్టములోని సమ్మతి నిబంధనను తేటతెలుగులో అచ్చువేయించి, అప్పాపూరులోను, భౌరాపూరులోను, మేడిమల్కలలోను గ్రామసభ పెట్టి బిగ్గరగ చదివింపవలెను. వారు చెప్పు సమాధానమును వారి మాటలలోనే వ్రాసికొని, రాబోవు జీవవైవిధ్య మహాసభకు పోవు మన ప్రతినిధివర్గము చేతికీయవలెను. ఆ వర్గములో ఒక చెంచును గూడ పంపుదురేని, ప్రయాణపు ఖర్చు ఖజానాకు బరువు కాబోదు.